పంటల నుంచి ఇంధనం: లోపాలు, ప్రత్యామ్నాయాలు

చెరకు, మొక్కజొన్న, బియ్యం లాంటి పంటల్లోని చక్కెరనూ పిండినీ పులియబెట్టి ఇథనాల్ తీస్తారు. పామాయిల్, సోయా, ఆవ నూనెలను మిథనాల్‌తో చర్య జరిపిస్తే గ్లిజరిన్ విడిపోయి బయోడీజిల్ మిగులుతుంది. మొదటిదాన్ని పెట్రోల్‌లో, రెండోదాన్ని డీజిల్‌లో కలిపి వాడతారు. ఈ రెంటినీ పంట ఆధారిత జీవ ఇంధనాలు లేదా మొదటి తరం జీవ ఇంధనాలు అంటారు. ఆలోచన కొత్తదేమీ కాదు. 1900 నాటి పారిస్ ప్రదర్శనలోనే డీజిల్ ఇంజిన్‌ను వేరుశనగ నూనెతో నడిపి చూపించారు. చమురు చవగ్గా దొరికినంత కాలం ఆ ఊసు ఎవరికీ పట్టలేదు. 1973లో చమురు ధరలు భగ్గుమన్నాక, 1975లో బ్రెజిల్ ప్రోఆల్కూల్ పథకంతో చెరకు ఇథనాల్ వైపు మళ్లింది. 2005, 2007 చట్టాలతో అమెరికా, 2009 ఆదేశంతో యూరప్, 2018 జాతీయ విధానంతో భారత్ అదే దారి పట్టాయి. అన్నిచోట్లా వినిపించిన వాదన ఒకటే. మొక్క గాలిలోంచి తీసుకున్న కార్బన్‌నే ఇంజిన్ మళ్లీ గాలిలోకి వదులుతుంది కాబట్టి వాతావరణం మీద అదనపు భారం పడదు, దిగుమతుల ఖర్చు తగ్గుతుంది, రైతుకు నాలుగు డబ్బులు మిగులుతాయి. ఈ వాదనలో మొక్క, ఇంజిన్, రైతు అందరూ ఉన్నారు. మొక్క మొలిచిన నేల మాత్రం లెక్కలోకి రాలేదు. గత రెండు దశాబ్దాల్లో పంట ఇంధనాల మీద వచ్చిన అభ్యంతరాల్లో చాలావరకు అక్కడ మొదలైనవే.

ఇంధనం కోసమని కొత్తగా పంట వేస్తే, ఆ నేలలో అంతకు ముందు ఏదో ఒకటి ఉండే ఉంటుంది. అడవో పచ్చికబయలో అయితే దాన్ని నరికి దున్నినప్పుడు చెట్లలో, మట్టిలో దాగిన కార్బన్ ఒక్కసారిగా బయటికి వస్తుంది. అప్పటికే తిండి పంట పండుతున్న నేలైతే ఆ తిండి మరోచోట పండాలి. అందుకు మరెక్కడో అడవి నరుకుతారు. 2008 ఫిబ్రవరిలో సైన్స్ పత్రికలో వచ్చిన రెండు పరిశోధనలు ఈ విషయాన్ని అంకెల్లో పెట్టాయి. జోసెఫ్ ఫార్జియోన్ బృందం దీన్ని కార్బన్ అప్పుగా లెక్కగట్టింది. బ్రెజిల్ సెర్రాడో గడ్డిభూములను చెరకుతోటలుగా మారిస్తే ఆ అప్పు తీరడానికి సుమారు 17 ఏళ్లు పడుతుంది. ఇండోనేషియా, మలేషియాల్లో పీట్ నేలల (కుళ్లిన మొక్కల పొరలతో ఏర్పడిన నేలల) మీది అడవిని కొట్టి ఆయిల్‌పామ్ వేస్తే 400 ఏళ్లు దాటుతుంది. తిమోతీ సెర్చింగర్ బృందం అమెరికా మొక్కజొన్న ఇథనాల్‌ను తీసుకుని, పరోక్షంగా దున్నిన నేలను కూడా కలిపితే 30 ఏళ్ల వ్యవధిలో ఉద్గారాలు పెట్రోల్ కంటే దాదాపు రెట్టింపు అవుతాయని తేల్చింది. ఈ పరోక్ష లెక్కలు నమూనాల మీద ఆధారపడినవి, అంకెలు తగ్గించవచ్చని అమెరికాలో కొందరు శాస్త్రజ్ఞులు వాదిస్తూ వచ్చారు. కొంత తగ్గాయి కూడా. కానీ 2022లో టైలర్ లార్క్ బృందం నమూనాల ఊహలతో సరిపెట్టక, చట్టం వచ్చాక అమెరికాలో నిజంగా మారిన సాగు భూములను పరిశీలించి, మొక్కజొన్న ఇథనాల్ కార్బన్ తీవ్రత పెట్రోల్ కంటే తక్కువేమీ కాదనీ, బహుశా కనీసం 24 శాతం ఎక్కువే ఉంటుందనీ చెప్పింది. వీటిలో ఏ అంకెను నమ్మాలన్న తగవు ఇంకా తెగలేదు. అయితే నేల ఖర్చు సున్నా అని ఇప్పుడు ఎవరూ అనడం లేదు. దీనికి ఎరువుల లెక్క అదనం. పొలంలో చల్లిన యూరియాలో కొంత భాగం నైట్రస్ ఆక్సైడ్‌గా మారుతుంది. వేడిని పట్టి ఉంచడంలో అది బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు 270 రెట్లు బలమైనది.

ఉద్గారాల గొడవ పక్కనబెట్టి, ఒక ఎకరా ఎంత దూరం బండి నడపగలదో చూస్తే విషయం ఇంకా తేటగా కనిపిస్తుంది. ఎకరాకు 35 టన్నుల చెరకు పండిందనుకుందాం. రసం నుంచి టన్నుకు 70 లీటర్ల చొప్పున సుమారు 2,450 లీటర్ల ఇథనాల్ వస్తుంది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోల్‌లో ఉన్నదానికి మూడింట రెండొంతులే. అంటే పెట్రోల్‌తో లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే కారు దీనితో 10 కిలోమీటర్లు నడుస్తుంది. మొత్తం 24,500 కిలోమీటర్లు. నీళ్లున్న చేలో ఎకరాకు 30 క్వింటాళ్ల మొక్కజొన్న దిగుబడి వస్తే, క్వింటాలుకు 38 లీటర్ల చొప్పున 1,140 లీటర్లు, అంటే 11,400 కిలోమీటర్లు. అదే ఎకరాలో సౌర ఫలకాలు పెడితే? మన ఎండలకు ఒక మెగావాట్ ప్లాంటు ఏడాదికి సుమారు 15 లక్షల యూనిట్లు ఇస్తుంది, దానికి ఐదెకరాలు కావాలి. ఎకరాకు 3 లక్షల యూనిట్లు. తీగల్లో, చార్జింగ్‌లో ఐదో వంతు పోయినా, యూనిట్‌కు 6 కిలోమీటర్ల చొప్పున ఎలక్ట్రిక్ కారు 14 లక్షల కిలోమీటర్లు దాటి వెళుతుంది. చెరకు కంటే 50 రెట్లకు పైగా, మొక్కజొన్న కంటే వంద రెట్లకు పైగా. ఫ్యాక్టరీలో చెరకు పిప్పి కాల్చి తీసే కరెంటును కలిపితే చెరకు వాటా మహా అయితే రెట్టింపు అవుతుంది, తేడా అప్పటికీ పూడదు. దీనికి కారణం యంత్రాల లోపం కాదు. పొలంలో పంట తన మీద పడిన ఎండలో ఒక శాతానికి అటూ ఇటూగానే శక్తిగా దాచుకోగలదు. ఫలకం 20 శాతం దాకా పట్టుకుంటుంది. ఆ పైన ఇంజిన్ సగానికి పైగా వేడి రూపంలో వదిలేస్తుంది. విత్తనాన్ని, డిస్టిలరీని ఎంత మెరుగుపరిచినా ఈ అంతరం కొద్దిగా తగ్గుతుందేమో గానీ చెరగదు. పైగా ఫలకాలకు మాగాణి అక్కర్లేదు. ఇంటి కప్పులు, రాతి నేలలు చాలు.

భారత్‌లో ఈ చర్చ నీటి దగ్గర బిగుసుకుంటుంది. లీటరు చెరకు ఇథనాల్ వెనక సుమారు 2,860 లీటర్ల నీరు ఉందని, ఇథనాల్ మిశ్రమానికి దారి గీసిన 2021 నాటి నీతి ఆయోగ్ నివేదికే రాసింది. దేశంలో చెరకు ఎక్కువగా పండే రాష్ట్రాల్లో మహారాష్ట్ర ఒకటి. అక్కడి మరాఠ్వాడాలో, చక్కెర మిల్లులున్న లాతూర్‌కు 2016 ఏప్రిల్‌లో రైలు వ్యాగన్లలో తాగునీరు పంపాల్సి వచ్చింది. ఉచిత కరెంటు, కచ్చితమైన కొనుగోలు ధర ఉన్నచోట చెరకు లాభసాటిగా కనిపిస్తుంది. బోరు కిందకి దిగుతున్న ఖర్చు ఏ బిల్లులోనూ పడదు. మొక్కజొన్నకు నీరు తక్కువే పడుతుంది, నిజమే. దాన్ని పులియబెట్టే ఫ్యాక్టరీకి మాత్రం నీరు కావాలి, వ్యర్థజలాలను వదిలే చోటు కావాలి. నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో 2024 నవంబరులో, జోగులాంబ గద్వాల జిల్లా పెద్దధన్వాడలో 2025 జూన్‌లో ఇథనాల్ ఫ్యాక్టరీలు వద్దంటూ జనం రోడ్డెక్కింది వాతావరణ మార్పు గురించి కాదు. తమ వాగు నీరు, తమ పొలం గాలి ఏమవుతాయన్న భయంతో. ఈ ఇంధనాన్ని పచ్చనిదని పిలిచేవాళ్లు ఈ ఊళ్ల మాట కూడా విని తీరాలి.

తిండికీ ఇంధనానికీ మధ్య పోటీ 2007-08లో ప్రపంచానికి బాగా తెలిసొచ్చింది. 2007 జనవరిలో మెక్సికోలో రొట్టెల ధర పెరిగిందని వేలమంది వీధుల్లోకి వచ్చారు. ధాన్యం ధరల పెరుగుదలకు కరవు, చమురు ధర, ఎగుమతి నిషేధాలు కూడా కారణాలే. మొత్తం నేరాన్ని ఇథనాల్ మీదకి నెట్టడం సరికాదు. కాకపోతే మార్కెట్ బిగిసి ఉన్నప్పుడు చట్టం చేత తప్పనిసరైన కొనుగోలుదారు వెనక్కి తగ్గడు. ధర పెరిగితే మనిషి తక్కువ తింటాడు, కోళ్ల రైతు తక్కువ పిల్లలను దింపుతాడు, ఇంధన కోటా మాత్రం అలాగే ఉంటుంది. ఇండోనేషియా తన డీజిల్‌లో పామాయిల్ వాటాను 2023లో 35 శాతానికి, 2025లో 40 శాతానికి పెంచింది. వంటనూనెలో సగానికి పైగా దిగుమతి చేసుకునే మన దేశంలో దాని ప్రభావం కిరాణా కొట్టులో తెలుస్తుంది. జకార్తాలో తీసుకున్న నిర్ణయానికి గుంటూరులో లీటరు ప్యాకెట్ ధర మారుతుంది.

దీనికి మన ప్రభుత్వాలు చెప్పే సమాధానం మిగులు. తినగా మిగిలిన చక్కెర, గోదాముల్లో ముక్కిపోయే బియ్యం, నూకలు వాడుతున్నాం గానీ ఎవరి కంచంలోదీ తీయడం లేదంటారు. ఈ మాటలో నిజం లేకపోలేదు. చక్కెర పేరుకుపోయి మిల్లులు రైతులకు బకాయిలు పెట్టిన రోజుల్లో ఇథనాల్ వాటికి ఊపిరి పోసింది. 2025లో భారత ఆహార సంస్థ (ఎఫ్‌సీఐ) గోదాములు నిజంగానే పొంగిపొర్లాయి. కానీ అలాంటి మిగులు ఎంత నిలకడైనదో అంతకు ముందే 2023 చూపించింది. వానలు సరిగా పడక బియ్యం ధర పెరిగేసరికి జులైలో డిస్టిలరీలకు ఎఫ్‌సీఐ బియ్యం ఆపేశారు. డిసెంబరు 7న చెరకు రసం నుంచి ఇథనాల్ తీయవద్దని ఉత్తర్వు వచ్చింది, తర్వాత కొంత సడలించారు. పెట్రోల్ బంకుకు ప్రతిరోజూ సరుకు కావాలి, వాన మాత్రం ఏడాదికో తీరుగా పడుతుంది. మిగులును నమ్ముకుని శాశ్వత కోటా పెడితే, మిగులు లేని ఏడు కొరతలోంచి తీయక తప్పదు. 2024-25 ఇథనాల్ సంవత్సరానికి కేంద్రం 52 లక్షల టన్నుల ఎఫ్‌సీఐ బియ్యం కేటాయించింది, ధర క్వింటాలుకు 2,250 రూపాయలు. సేకరణ, మిల్లింగ్, నిల్వ కలిపి సంస్థకు పడే ఖర్చు కంటే ఇది చాలా తక్కువ. మనిషికి నెలకు 5 కిలోల లెక్కన ఆ బియ్యం 8 కోట్ల 60 లక్షలకు పైగా మందికి ఏడాది రేషన్. వాళ్ల రేషన్ కోసేశారని కాదు దీని అర్థం. ఏ పరిమాణంలో తిండిగింజలు ఇంధనంగా మారుతున్నాయో తెలియడానికి ఈ పోలిక.

బియ్యం, చెరకు ఆగినప్పుడు డిస్టిలరీలు మొక్కజొన్న మీద పడ్డాయి. దాని నుంచి తీసిన ఇథనాల్‌కు 2023-24లో లీటరుకు 71 రూపాయల 86 పైసలు చెల్లించారు, మిగతా ముడిసరుకుల కంటే ఎక్కువ. మొక్కజొన్న రైతుకు ఇన్నాళ్లకు మంచి ధర వచ్చింది. కరీంనగర్, నిజామాబాద్, గుంటూరు ప్రాంతాల్లో ఆ సంతోషం సహజం, దాన్ని తీసిపారేయడం కుదరదు. అయితే అదే గింజ కోళ్ల దాణాలో సగానికి పైగా ఉంటుంది. తెలుగు రాష్ట్రాల కోళ్ల పరిశ్రమ దాణా ధర మీద మొరపెట్టుకుంది. ఒకప్పుడు మొక్కజొన్న ఎగుమతి చేసిన దేశం 2024లో మయన్మార్, ఉక్రెయిన్‌ల నుంచి కొనే స్థితికి వచ్చింది. గింజలోని పిండి పోయాక మిగిలే మడ్డి పశువులకూ కోళ్లకూ మేతగా వెళుతుంది కదా, నష్టం మూడో వంతు తగ్గినట్టే కదా అని ఒక జవాబుంది. లెక్క సరైనదే. కానీ ఆ మడ్డి మార్కెట్లోకి వెల్లువెత్తడంతో సోయా చెక్కకు గిరాకీ పడిపోయి, సోయా రైతుకు మద్దతు ధర దక్కని పరిస్థితికి అదీ ఒక కారణమైంది. ఆదిలాబాద్‌లో మొక్కజొన్న చేను, సోయా చేను పక్కపక్కనే ఉంటాయి. చమురు దిగుమతుల్లో లక్ష కోట్లకు పైగా విదేశీ మారకం మిగిలిందన్న సర్కారు లెక్క పక్కన, వంటనూనెలూ పప్పులూ కొనడానికి పెట్టే ఖర్చును, ఎరువుల రాయితీని, బోర్ల కరెంటును కూడా రాస్తేనే అది పూర్తి పద్దు అవుతుంది.

బ్రెజిల్ సాధించింది కదా అని తరచూ అడుగుతారు. సాధించింది. 2003 నుంచి అక్కడ పెట్రోల్, ఇథనాల్ ఏ నిష్పత్తిలో కలిపినా నడిచే కార్లు వచ్చాయి. చెరకు ఇథనాల్ తనమీద పెట్టిన శిలాజ శక్తికి ఎనిమిది రెట్ల దాకా తిరిగి ఇస్తుందని అంచనా. అమెరికా మొక్కజొన్నకు ఇది ఒకటిన్నర రెట్ల దరిదాపుల్లోనే తేలుతుంది. కానీ సావోపాలో చెరకు ఎక్కువగా వర్షాధారం, అక్కడ మనిషికి దక్కే సాగుభూమి మనకు దక్కేదానికి రెట్టింపు కంటే ఎక్కువ. అక్కడి విజయం ఆ నేలది, ఆ వానది. గోదావరి, భీమా పరీవాహకాలకు దాన్ని మోసుకురాలేం. అంతటి బ్రెజిల్‌లోనూ చెరకు పచ్చికభూముల్లోకి జరిగి, పశువులు అడవి అంచుల్లోకి జరిగాయన్న విమర్శ ఉంది.

తిండి కాని మొక్కను బీడు భూముల్లో పెంచితే ఈ గొడవలన్నీ తప్పుతాయన్నది తర్వాత వచ్చిన ఆశ. మనవాళ్లు అడవి ఆముదం అని పిలిచే జత్రోఫా మీద 2003లో ప్రణాళికా సంఘం కమిటీ పెద్ద ఆశలే పెట్టుకుంది. 2009 విధానం 2017 కల్లా 20 శాతం బయోడీజిల్ అంది. అది జరగలేదు. బీడులో ఆ మొక్క చావదు గానీ కాయదు. కాయాలంటే నీరూ ఎరువూ కావాలి, అవి ఉంటే రైతు వేరే పంటే వేసుకుంటాడు. బీడు అని రికార్డుల్లో రాసిన నేల మీద మేకలు మేస్తాయి, వంటచెరకు దొరుకుతుంది. దానిమీద బతికేవాళ్లకు అది బీడు కాదు. చిన్న మోతాదులో మాత్రం కథ వేరుగా నడిచింది. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని పవర్‌గూడ అనే గిరిజన గూడెంలో మహిళా సంఘం కానుగ గింజల నూనె తీసింది. 2003లో 147 టన్నుల బొగ్గుపులుసు వాయువు పొదుపుకు గాను ప్రపంచబ్యాంకు వాళ్లకు 645 డాలర్లు చెల్లించింది. గట్ల మీద, అడవి అంచున ఎలాగూ ఉండే చెట్టు గింజతో ఒక గూడెం అవసరం తీరింది. దాన్నే రాష్ట్రమంతటా లక్షల ఎకరాల తోటగా మార్చాలనుకున్నచోట పథకం కూలింది. ఇప్పుడు ఉమ్మడి ప్రకాశం జిల్లా కనిగిరి వైపు బంజరు నేలల్లో నేపియర్ గడ్డి పెంచి బయోగ్యాస్ తీసే ప్రాజెక్టులకూ ఈ ప్రశ్నే వర్తిస్తుంది. ఏటా నాలుగైదు కోతలు ఇచ్చే గడ్డికి ఆ మెట్ట ప్రాంతంలో నీరు ఎక్కడినుంచి?

అందుకే ప్రత్యామ్నాయాలను తూచేటప్పుడు ముందు అడగాల్సింది, ముడిసరుకు తనకంటూ నేల అడుగుతుందా అని. వరిగడ్డి అడగదు. ధాన్యం కోసం వేసిన పంటలోంచే అది వస్తుంది. పంజాబ్, హర్యానాల్లో దాన్ని కాల్చే పొగతో ఢిల్లీ ఉక్కిరిబిక్కిరి అవుతుంది కూడా. 2022 ఆగస్టు 10న పానిపట్‌లో ప్రారంభమైన రెండో తరం ప్లాంటును ఏటా సుమారు 2 లక్షల టన్నుల గడ్డి నుంచి 3 కోట్ల లీటర్ల ఇథనాల్ తీసేలా కట్టారు. చిక్కు గడ్డి స్వభావంలోనే ఉంది. అందులోని చక్కెరలు సెల్యులోజ్ పోగుల్లో బిగుసుకుని, లిగ్నిన్ తొడుగులో ఉంటాయి. ఆవిరి, ఆమ్లం, ఖరీదైన ఎంజైములు వాడితేగాని విడివడవు. ఇసుకపాలు ఎక్కువున్న గడ్డి యంత్రాలను అరగదీస్తుంది. కోత ముగిసిన కొద్ది వారాల్లోనే ఏడాది సరుకంతా కట్టలు కట్టి దాచాలి. 2022 కల్లా 1,600 కోట్ల గ్యాలన్ల సెల్యులోజ్ ఇంధనం వస్తుందని 2007లో చట్టంలో రాసుకున్న అమెరికా అందులో చిన్న పిసరు మాత్రమే అందుకుంది. అయోవాలో డ్యూపాంట్ కట్టిన పెద్ద ప్లాంటు 2017లోనే ఆగింది. గడ్డి మొత్తాన్నీ ఎత్తుకుపోతే మట్టికి సేంద్రియం, పశువుకు మేత తగ్గుతాయన్నదీ మరువరాదు. ఇక నాచు సంగతి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. 2009లో భారీ ప్రకటనలతో దిగిన ఎక్సాన్‌మోబిల్ 2023లో ఆ పరిశోధన నుంచి తప్పుకుంది.

తడి చెత్త ఇంతకంటే నమ్మకమైన దారి. హైదరాబాద్ బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో రోజూ కుళ్లిన టమాటా, క్యాబేజీ ఆకులు, మిగిలిన కూరలు గుట్టలు పడతాయి. వాటిని ముక్కలు చేసి, భారత రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) శాస్త్రజ్ఞులు రూపొందించిన పద్ధతిలో గాలి చొరని ట్యాంకులో పులియబెడతారు. రోజుకు 10 టన్నుల చెత్త నుంచి సుమారు 500 యూనిట్ల కరెంటు, 30 కిలోల వంటగ్యాస్ వస్తాయి. మార్కెట్ దీపాలు, క్యాంటీన్ వంట వాటితో నడుస్తాయి. అంకెలు చిన్నవే. కానీ ఈ చెత్తను డంపింగ్ యార్డులో పడేస్తే మీథేన్‌గా గాలిలో కలుస్తుంది. ఇంధనం తీయడం వల్ల ఆ నష్టం తప్పుతుంది, మడ్డి ఎరువవుతుంది. ఇండోర్‌లో ఇదే పనిని రోజుకు 550 టన్నుల స్థాయిలో చేసే ప్లాంటు 2022లో మొదలైంది. ఈ దారికీ హద్దులున్నాయి. 2018లో 5,000 ప్లాంట్ల లక్ష్యంతో మొదలైన కేంద్ర పథకం అందుకు ఎంతో దూరంలోనే ఉండిపోయింది. ఇంట్లో తడి, పొడి చెత్త వేరుచేయని ఊళ్లో ఏ ట్యాంకూ సరిగా పనిచేయదు. వాడేసిన వంటనూనె కూడా ఇలాంటిదే. ధ్రువ సమ్మేళనాలు 25 శాతం మించిన నూనెను వంటకు వాడరాదని 2018లో నిబంధన వచ్చాక, దాన్ని సేకరించి బయోడీజిల్ చేయడం మొదలైంది. సరుకు తక్కువ, మోసానికి వీలెక్కువ. కొత్త పామాయిల్‌నే పాతదిగా చూపి అమ్ముతున్నారన్న అనుమానాలు యూరప్‌లో గట్టిగా ఉన్నాయి.

వ్యర్థాలన్నీ కలిపినా ఇప్పుడు తగలేస్తున్న పెట్రోల్, డీజిల్‌కు సరిపోవు. ఇది పంట ఇంధనాలను సమర్థించేవారి బలమైన అభ్యంతరం. సరిపోనక్కర్లేదన్నది దానికి జవాబు. స్కూటర్లు, ఆటోలు, కార్లు, సిటీ బస్సులు కరెంటుతో నడవగలవు. మన కరెంటులో దాదాపు నాలుగింట మూడొంతులు బొగ్గుదే కదా అంటే, అవును, ఈ రోజు లాభం పరిమితమే. కానీ ఈ రోజు కొన్న ఎలక్ట్రిక్ బండి, గ్రిడ్‌లోకి సౌర విద్యుత్తు వచ్చేకొద్దీ ఏటా శుభ్రపడుతుంది. ఇథనాల్‌కు ఎకరా దిగుబడి అంత వేగంగా పెరగదు. బ్యాటరీ బరువు మోయలేని విమానాలకు, దూరం వెళ్లే ఓడలకు మాత్రం ద్రవ ఇంధనం తప్పదు. పరిమితంగా దొరికే వాడేసిన నూనె, గడ్డి, చెత్త అక్కడికి వెళ్లడం న్యాయం. యూరప్ 2025 నుంచి విమాన ఇంధనంలో 2 శాతం పచ్చ ఇంధనాన్ని తప్పనిసరి చేస్తూ తిండి, మేత పంటల నుంచి తీసినదాన్ని లెక్కలోకి రానివ్వలేదు. భారత్ అంతర్జాతీయ విమానాలకు 2027లో 1 శాతం, 2030లో 5 శాతం లక్ష్యం పెట్టుకుంది. ఇథనాల్‌నే విమాన ఇంధనంగా మార్చే పద్ధతి ఉంది కాబట్టి, అలాంటి షరతు మన నిబంధనల్లో లేకపోతే చెరకు, మొక్కజొన్న ఆ దారిన తిరిగి ప్రవేశిస్తాయి.

ఈ ఒత్తిడి ఊహ కాదు. పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ లక్ష్యం 2030 నుంచి ముందుకు జరిగి 2025లోనే పూర్తయింది. దానికోసం వడ్డీ రాయితీలతో డిస్టిలరీలు వెలిశాయి. 2025-26 సరఫరాకు చమురు కంపెనీలు సుమారు 1,050 కోట్ల లీటర్లు అడిగితే డిస్టిలరీలు 1,776 కోట్ల లీటర్లు ఇస్తామన్నాయి. కేటాయింపులో సగానికి కాస్త తక్కువ మొక్కజొన్నదే. అప్పు తెచ్చి కట్టిన ఫ్యాక్టరీ ఖాళీగా ఉండలేదు కాబట్టి, మిశ్రమాన్ని 27 శాతానికి, 30 శాతానికి పెంచమన్న డిమాండు అప్పుడే మొదలైంది. యూరప్ 2015లో పంట ఇంధనాలకు 7 శాతం గరిష్ఠ పరిమితి పెట్టి, ఆ పైన పంటల నుంచి తీసినదాన్ని లక్ష్యం లెక్కలోకి రానివ్వలేదు. మన దగ్గర 20 శాతం దగ్గర పంటల వాటాను అలాంటి పరిమితితో ఆపి, ఇప్పటికే ఉన్న డిస్టిలరీల్లో కొన్నిటిని గడ్డి, మొలాసిస్, పాడైన ధాన్యం వైపు మళ్లించడానికి ఇంకా వ్యవధి ఉంది. 30 శాతానికి సరిపడా కొత్త ఫ్యాక్టరీలు లేచాక ఆ నిర్ణయం ఇంత సులువుగా ఉండదు.